పేరు రాయని పెద్దవాళ్ళు

(మహాసభల్లో పెద్దల ఆరోగ్య వేదిక మీద చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)



పక్క హాల్లో సినిమా వాళ్ళు ఉన్నారు. అవతల భోజనాల లైను మొదలవబోతోంది. ఆ రెండూ వదులుకుని మతిమరుపు గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే, మీలో చాలామందికి ఇది ఇంటి సంగతేనని నాకు అర్థమవుతోంది. ఎక్కువసేపు తీసుకోను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఫిజియోథెరపీ చదువుకుని ఈ దేశం వచ్చాను. పదిహేనేళ్ళుగా ఒక విశ్వవిద్యాలయంలో వ్యాయామానికి సంబంధించిన పరిశోధనల్లో పనిచేస్తున్నాను. నా ఉద్యోగం పేరు స్టడీ కోఆర్డినేటర్. చేసే పని మాత్రం మన ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే. పరిశోధనకి తగిన మనుషుల్ని వెతకాలి, సంగతి విడమరిచి చెప్పాలి, ఒప్పుకుంటే చివరిదాకా జారిపోకుండా చూసుకోవాలి. నేను వెతికేది జ్ఞాపకశక్తి కాస్త తగ్గుతున్న పెద్దవాళ్ళని. వాళ్ళని వారానికి మూడు నాలుగు రోజులు వ్యాయామానికి రమ్మని అడగాలి. అదీ ఏడాది, ఏడాదిన్నర పాటు!

కొన్నేళ్ళ కిందట, మనవాళ్ళని కూడా చేర్పించాలన్న ఉత్సాహంతో, మా ఊరి గుడి హాల్లో మూడు ఆదివారాలు టేబుల్ వేసుకుని కూర్చున్నాను. ప్రసాదం లైనుకి పక్కనే. ఉచితంగా బి.పి. చూస్తామన్నాం. "మతిమరుపు ఉన్న పెద్దలకు వ్యాయామ అధ్యయనం" అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ బోర్డు పెట్టాం. జనం బాగానే వచ్చారు. బి.పి. చూపించుకున్నారు, మేమిచ్చిన పెన్నులు పట్టుకెళ్ళారు. కాగితం మీద పేరు మాత్రం ఒక్కరూ రాయలేదు.

"మా ఆయనకేం లేదమ్మా, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, అంతే" అన్నారు ఒకావిడ. ఆయన కళ్ళజోడు ఆవిడ చేతిలోనే ఉంది. "మా వియ్యంకుడికి పనికొస్తుంది, ఒక కాగితం ఇవ్వండి" అన్నారు ఇంకొకాయన. మనకి మతిమరుపు ఎప్పుడూ వియ్యాలవారి ఇంట్లోనే ఉంటుంది కదా!

మూడో ఆదివారం టేబుల్ సర్దేస్తుంటే ఒక పెద్దావిడ వచ్చారు. (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను.) కొడుకు కారు తీసుకురావడానికి పార్కింగ్ లాటులోకి వెళ్ళాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయీ, మా వాడికి చెప్పకు. పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మర్చిపోయాను. కోడలు ఒక్క మాట అనలేదు. కానీ మూడోరోజు నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. ఈ నడకల వల్ల ఏమైనా నయమవుతుందా?" అని అడిగారు. నేను కార్డు ఇచ్చాను. పర్సులో అడుగున పెట్టుకున్నారు. కారు వచ్చింది, వెళ్ళిపోయారు.

ఆవిడ ఫోన్ చెయ్యలేదు. ఎలా చేస్తారు? ఫోన్ చేసినా రావడానికి కారు లేదు. పైగా ఇలాంటి అధ్యయనాలన్నిటిలోనూ దాదాపుగా ఒక షరతు ఉంటుంది. చేరేవారితో పాటు వారానికి కొన్ని గంటలైనా వాళ్ళతో గడిపే మనిషి ఒకరు, స్టడీ పార్ట్‌నర్ అంటాం, కూడా రావాలి. మరుపు ఎంతుందో, ఎలా మారుతోందో పక్కనున్నవాళ్ళు చెబితేనే తెలుస్తుంది కాబట్టి ఈ నియమం న్యాయమైనదే. కానీ ఆవిడకి ఆ మనిషి ఎవరు? ఎవరికి చెప్పొద్దన్నారో ఆ కొడుకే!

ఆ రోజు నుంచి నా పని నాకు వేరేగా కనిపించడం మొదలయింది. మనవాళ్ళు పేరు రాయకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు. దారిలో ఎన్ని గడపలున్నాయో చెబుతాను. దానికి ముందు, అసలు ఈ పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

వయసుతో వచ్చే మామూలు మరుపుకీ డిమెన్షియాకీ మధ్య ఒక మెట్టుంది. డాక్టర్లు దాన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా ఎంసీఐ అంటారు. పరీక్షల్లో మరుపు తెలుస్తుంది, కానీ మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతాడు. అందరూ అక్కడినుంచి డిమెన్షియాలోకి జారరు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు, కొందరు వెనక్కి కూడా వస్తారు. ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళకి వ్యాయామం సాయపడుతుందా అన్నదే ప్రశ్న.

2011లో కర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దలతో ఒక ప్రయోగం ప్రచురించింది. వాళ్ళు డిమెన్షియా లేనివాళ్ళు. సగంమంది వారానికి 3 రోజులు నడిచారు, మిగతా సగం కాళ్ళూ చేతులూ సాగదీసే వ్యాయామాలు చేశారు. ఏడాది తర్వాత నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం సుమారు 2 శాతం పెరిగింది. రెండోవారిలో కొంచెం తగ్గింది. దాంతో అందరిలోనూ ఆశ పుట్టింది.

మరుపు మొదలైనవాళ్ళతోనే చేసిన పెద్ద అధ్యయనం ఎగ్జర్ట్. వేక్ ఫారెస్ట్‌కి చెందిన డాక్టర్ లారా బేకర్ దీనికి నాయకత్వం వహించారు. ఎంసీఐ ఉన్న, పెద్దగా కదలికలేని 296 మంది చేరారు. ఊరూరా ఉన్న వైఎంసీఏలలో, అక్కడి శిక్షకుల సాయంతో వ్యాయామం చేశారు. చిట్టీ తీసినట్టుగా సగంమందికి గుండె వేగం పెరిగే వ్యాయామం, సగంమందికి సాగదీత, నిలకడ వ్యాయామాలు ఇచ్చారు. 2022లో మొదట చెప్పి, 2025లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే రెండు జట్లకీ మధ్య తేడా లేదు! ఏడాదిలో రెండు జట్లూ దిగజారలేదు. వ్యాయామం లేని జట్టు ఈ అధ్యయనంలో లేదు. అందుకని వేరే అధ్యయనంలోని ఇలాంటివాళ్ళతో పోల్చి చూస్తే, వాళ్ళు ఆ కాలంలో తగ్గారు. ఆ పోలిక పూర్తి రుజువు కాదు, ఆశకి ఆధారం మాత్రమే.

ఇంకోవైపు కూడా చెప్పాలి. 2018లో ఇంగ్లండులో, అప్పటికే డిమెన్షియా వచ్చిన 494 మందితో చేసిన డాపా అనే ప్రయోగంలో గట్టి వ్యాయామం శరీరానికి బలమిచ్చింది కానీ మరుపుని ఆపలేదు. అంటే వ్యాయామం సంజీవని కాదు. మొదలుపెట్టే సమయం ముఖ్యమేమో అన్న అనుమానాన్ని మాత్రం ఇలాంటి ఫలితాలు బలపరుస్తాయి. ఇక 2025 జులైలో యు.ఎస్. పాయింటర్ ఫలితాలొచ్చాయి. మరుపు రాకముందే, వచ్చే అవకాశం ఎక్కువున్న 60 నుంచి 79 ఏళ్ళ వయసువాళ్ళు 2,111 మంది, రెండేళ్ళపాటు. వ్యాయామం, తిండి, మెదడుకి పని, బి.పి. అదుపు, నలుగురితో కలవడం అన్నీ కలిపి ఇచ్చారు. తమంతట తాము చేసుకున్న జట్టూ మెరుగుపడింది, పద్ధతి ప్రకారం పక్కనుండి చేయించిన జట్టు ఇంకొంచెం ఎక్కువ మెరుగుపడింది.

ఈ లెక్కల్లో మనమెక్కడున్నాం? పాయింటర్‌లో సుమారు 30 శాతం మంది మైనారిటీ జాతులవాళ్ళు. అలా చేర్చడానికి నిర్వాహకులు చాలా కష్టపడ్డారు. కానీ ఆసియా, పసిఫిక్ ద్వీపాల మూలాలవారి గురించి చేసిన పరిశోధనలకి, 1992 నుంచి 2018 దాకా ఎన్.ఐ.హెచ్. బడ్జెట్‌లో దక్కింది 0.17 శాతం. అందులో దక్షిణాసియా వాళ్ళెంత, అందులో తెలుగువాళ్ళెంత అని వేరే చెప్పక్కర్లేదు. మన గుండెజబ్బుల గురించి శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో 2010లో మొదలుపెట్టిన మసాలా అధ్యయనం (పేరు నిజంగా అదే!) 906 మందిని చేర్చుకుంది. ఎంతో మేలు చేసిన అధ్యయనం. అందులో చేరడానికి ఇంగ్లీషో, హిందీయో, ఉర్దూవో వచ్చి ఉండాలి. తెలుగు మాత్రమే వచ్చిన మామ్మగారికి అక్కడా గుమ్మం ఎత్తే.

మన మనుషులు చేరితే ఏమవుతుందో హైదరాబాదు చూపించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి నిమ్స్‌లో ఉండగా, 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారికంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా డిమెన్షియా మొదలైందని తేలింది. బడికి పోనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన ఊళ్ళో, మన పెద్దల వల్ల, ప్రపంచం ఒక కొత్త సంగతి నేర్చుకుంది. ఇక్కడ మాత్రం మనం ప్రసాదం తీసుకుని వెళ్ళిపోతున్నాం.

ఇప్పుడు గడపల సంగతి. భాష ఒకటి. కారు ఒకటి. వచ్చే ఆర్నెల్లకి వీసా, చేరమనేది ఏడాదిన్నరకి. గ్రీన్ కార్డున్నవారు కూడా చలి మొదలవగానే ఊరికి వెళతారు. చీరతో ట్రెడ్‌మిల్ ఎక్కమంటే మొహమాటం. ఇంకో చిత్రం కూడా ఉంది. పరిశోధన అనగానే ఉత్సాహంగా చెయ్యెత్తేది రోజూ నాలుగు మైళ్ళు నడిచే పెద్దాయన. ఆయన పనికిరాడు, మాకు కావలసింది కదలనివాళ్ళు. కదలనివాళ్ళేమో మా దగ్గరికి కదిలి రారు!

వీటికి తోడు భయాలు. "పేరు రాస్తే గ్రీన్ కార్డుకి ఇబ్బందా?" "ఇన్సూరెన్సు వాళ్ళకి తెలుస్తుందా?" "మనవరాలి సంబంధాలు చెడతాయా?" ఈ ప్రశ్నలకి నవ్వకూడదు. 1932 నుంచి 1972 దాకా టస్కిగీలో నల్లజాతి రోగులకి నిజం చెప్పకుండా, వైద్యం అందకుండా సాగించిన ఘోరం ఈ దేశంలోనే జరిగింది. అది బయటపడ్డాకే 1974లో చట్టం వచ్చింది. ఇప్పుడు ప్రతి అధ్యయనాన్నీ ఐఆర్‌బీ అనే సంఘం ముందుగా పరిశీలిస్తుంది. మా గుడి బోర్డు మీద ఒక్క మాట మార్చాలన్నా వాళ్ళ అనుమతి కావాల్సి వచ్చింది. ఎన్.ఐ.హెచ్. డబ్బుతో నడిచే అధ్యయనాలకి మీ వివరాలు బయటపెట్టమని కోర్టు కూడా మామూలుగా బలవంతం చెయ్యలేని రక్షణపత్రం ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా మానేయవచ్చు. ఎవరు ఏ వివరం చూస్తారో ఒప్పందపత్రంలో రాసి ఉంటుంది. చదివి, అడిగి, తర్వాతే సంతకం పెట్టండి.

ఇంతవరకూ ఉద్యోగం గురించి చెప్పాను. ఇక ఇంటి సంగతి.

మా నాన్నగారు గుడివాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశారు. అమ్మ పోయాక ఏటా ఆర్నెల్లు నా దగ్గర ఉంటున్నారు. చెప్పిందే చెప్పడం, మందులు రెండుసార్లు వేసుకోవడం కనిపించేవి. నేనూ, మా అన్నయ్యా ఫోన్లో "వయసు కదా" అనుకుని ఊరుకునేవాళ్ళం. ఊళ్ళో వాళ్ళందరి మరుపు గురించీ పట్టించుకునేదాన్ని, అవును, నేనే!

2024 అక్టోబరులో, పక్క ఊళ్ళో వేరే సంస్థ చేస్తున్న ఒక నడక అధ్యయనానికి ఆయన్ని తీసుకెళ్ళాను. తెలుగు దుబాసీ కావాలని ముందే చెప్పాను. తీరా వెళితే ఫోన్లో హిందీ ఆవిడ ఉన్నారు. "ఇండియన్ లాంగ్వేజే కదా" అన్నారు. నాన్నగారికి హిందీ కాస్త వచ్చు, సరే అన్నారు. ఇది ఏ ఋతువు అని అడిగారు. "శరదృతువు" అన్నారు నాన్న. నిజమే కదా, ఆశ్వయుజమాసం. ఆవిడ తడబడి దాన్ని 'వింటర్' అని చెప్పింది. మీరు ఏ కౌంటీలో ఉన్నారని అడిగారు. గుడ్లవల్లేరు మండలమని చెప్పగల మనిషికి మా కౌంటీ పేరు ఎవరు చెప్పారు? 'వరల్డ్' అన్న ఇంగ్లీషు మాటని వెనకనుంచి అక్షరాలు చెప్పమన్నారు. వత్తులూ గుణింతాలూ ఉన్న భాషలో చదువుకున్నవాడికి అదేం పరీక్ష?

మధ్యలో నేను ఊరుకోలేక మూడుసార్లు ఆయన బదులు జవాబు చెప్పాను. పరీక్ష చేసే అమ్మాయి మర్యాదగా, "దయచేసి ఆయన్నే చెప్పనివ్వండి" అంది. ఆ మాట నేను ఎన్ని వందల కుటుంబాలకి చెప్పి ఉంటానో!

తిరిగొస్తుంటే కార్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పరీక్ష తప్పానా అమ్మా?" అన్నారు.

"ప్రశ్నపత్రమే తప్పు నాన్నా" అన్నాను.

"ప్రశ్నపత్రం తప్పయితే మేం అందరికీ మార్కులు కలిపేవాళ్ళం" అని నవ్వారు. కాసేపాగి, "కానీ మరుపు నిజమేనమ్మా. రెండేళ్ళ నుంచీ తెలుస్తోంది. మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నారు.

పదిహేనేళ్ళ నా ఉద్యోగంలో ఎవరూ నేర్పని పాఠం అది. మనం పెద్దవాళ్ళ గురించి డాక్టర్ని అడుగుతాం, అన్నయ్యని అడుగుతాం, వదినని అడుగుతాం. అడగాల్సింది అమ్మనీ, నాన్ననీ.

నాన్నగారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. పరీక్ష ఆయన భాషలో లేదు, పైగా జనవరిలో ప్రయాణం. నియమాల ప్రకారం అది తప్పనలేను. కానీ దారి లేకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం 1995లో ప్రచురించిన హిందీ పరీక్షలో 'వరల్డ్' తీసేసి వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నారు. చదువురాని రైతు కూడా చెప్పగలడు! నిమ్స్‌లో జ్ఞాపకశక్తి పరీక్షని తెలుగులోకి మలిచి వాడుతున్నారు. పరికరాలున్నాయి. అవి ఇక్కడికి రావాలంటే అడిగేవాళ్ళు కావాలి, చేరేవాళ్ళు కావాలి.

మరుపున్నవారిని చేర్చుకోవడంలో మరో ధర్మం కూడా ఉంది. సంగతి చెప్పాక, "మీ మాటల్లో తిరిగి చెప్పండి, ఇష్టం లేకపోతే మానేయవచ్చా?" అని వాళ్ళనే అడుగుతాం. అర్థం చేసుకునే స్థితి లేకపోతే చట్టప్రకారం తగినవారు సంతకం పెట్టవచ్చు. అప్పుడు కూడా ఆ పెద్దాయన వద్దని తల తిప్పేస్తే, వద్దనే అర్థం. కొడుకు సంతకం తండ్రి కాళ్ళని నడిపించలేదు, నడిపించకూడదు.

ఇక మిమ్మల్ని కోరేవి నాలుగే.

మొదటిది, ఇంటికెళ్ళాక అమ్మనీ నాన్ననీ విడివిడిగా, ఎవరూ లేనప్పుడు అడగండి. "మీకేమైనా మరుపుగా అనిపిస్తోందా?" అని మామూలుగా, టీ తాగుతూ అడగండి.

రెండోది, ఫ్యామిలీ డాక్టర్‌కి చెప్పండి. మెడికేర్ ఉన్నవాళ్ళకి ఏటా జరిగే వెల్‌నెస్ విజిట్‌లో జ్ఞాపకశక్తి చూడడం కూడా భాగమే, అడిగి చేయించుకోండి. బి12, థైరాయిడ్, వినికిడి, మందుల వల్ల వచ్చే మరుపుని సరిచేయవచ్చు. వ్యాయామం మొదలుపెట్టే ముందు గుండె సంగతి కూడా చూపించుకోండి.

మూడోది, అధ్యయనాలు అల్జైమర్స్.గవ్‌లోనూ, క్లినికల్‌ట్రయల్స్.గవ్‌లోనూ వెతకవచ్చు. ఫోన్ చేసినప్పుడు తెలుగు దుబాసీ ఉన్నారా, రాకపోకలకి కారు పంపుతారా, మధ్యలో ఇండియా వెళితే ఎలా, ఆడ శిక్షకులున్నారా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండోవారికి ఏర్పాటు చేస్తారు. స్టడీ పార్ట్‌నర్‌గా ఉండడానికి కొడుకూ కోడలూ కూతురూ ఎవరికి వీలైతే వారు ముందుకు రండి. నిజమైన పరిశోధనకి బ్యాంకు వివరాలు ఇచ్చి డబ్బు కట్టమంటే అనుమానించండి.

నాలుగోది మన సంఘాలకి. మనం నాటకాలకి, క్రికెట్‌కి, బతుకమ్మకి హాళ్ళు తీసుకుంటాం. వారానికి రెండు పగళ్ళు ఒక హాలు పెద్దల నడకకి, సాగదీత వ్యాయామాలకి ఇవ్వలేమా? తెలుగు బాగా వచ్చిన రిటైరైనవాళ్ళని దుబాసీలుగా తయారుచెయ్యలేమా? ఇంటివాళ్ళు దుబాసీలైతే ఏమవుతుందో నా కథే చెప్పాను.

గుడిలో కలిసిన పెద్దావిడ సంగతి అడుగుతారేమో. అయిదు నెలల తర్వాత వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారి పర్సులో మీ కార్డు కనబడింది. అడిగితే అంతా చెప్పారు. నేను తీసుకొస్తాను" అంది. చిట్టీలో ఆవిడకి సాగదీత జట్టు వచ్చింది. "నాకు నడక రాలేదా?" అని మొదట చిన్నబుచ్చుకున్నారు. ఏడాది పొడవునా ఒక్క రోజు మానలేదు. మరుపు పోయిందని నేను చెప్పను, పోలేదు. ఇప్పుడు కోడలు పక్కన నిలబడితే పాలు ఆవిడే కాస్తున్నారట.

మా నాన్నగారు ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. పొద్దున్నే పాత విద్యార్థి ఒకాయన వచ్చి ఆయన్ని చెరువు గట్టు మీదికి నడకకి తీసుకెళతాడు. నేను వారాల పేర్లు వెనకనుంచి అడుగుతుంటాను. ఒక్కోసారి బుధవారం దగ్గర ఆగిపోతారు. అప్పుడు నేను జవాబు చెప్పను. ఆయన చెప్పేదాకా ఆగుతాను.

బయట ఎడమవైపు మా టేబుల్ ఉంది. పెన్నులు అయిపోయాయి, కాగితాలున్నాయి. సెలవు.